కడబంతి ఉద్యోగులు



ఏదైనా ఒక ప్రభుత్వ కార్యాలయాన్ని మనసులోనికి తెచ్చుకోండి. అక్కడ హెడ్ గుమాస్తా బల్లమీద హాజరు పుస్తకాలు రెండు ఉంటాయి. మొదటిది గట్టి అట్ట వేసినది. అందులో పేరున్నవారికి సర్వీసు రిజిస్టరు ఉన్నది, ఏటేటా ఇంక్రిమెంటు ఉన్నది, ఆర్జిత సెలవు ఉన్నది. పదవీ విరమణ నాడు పూలదండా శాలువా కూడ ఉన్నవి. రెండవ పుస్తకం పేరు మస్టరు. అందులో పేరున్నవారు తెల్లవారకమునుపే వచ్చి తలుపులు తీసి, గదులూడ్చి, మంచినీళ్ళు నింపి, తపాలు మోసి, అందరూ ఇండ్లకు చేరిన పిదప తాళం వేసి, తాళపుచెవి మొలలో దోపుకొని వెళ్ళేవారు. వారికి ఇన్ని దినాలకు ఇంత అని కట్టిన కూలి తప్ప మరేమీ లేదు.

ఆ మస్టరును ఒకసారి తిరగవేసి చూడండి. ఎనభైతొమ్మిది దినాలు వరుసగా వేలిముద్రలు. తొంభైయవ దినాన ఎఱ్ఱసిరాతో ఒక అడ్డగీత. మరునాటినుండి మళ్ళీ ఒకటవ దినం. గీత పడిన నాడు ఆ మనిషి ఇంటివద్ద ఉన్నాడనుకొనేరు! ఆనాడు కూడ తలుపులు తీసినవాడు అతడే. పనిచేసినది నిజం. గీత గీసినదీ నిజమే. ఈ రెండు నిజాల నడుమ ఇరవై ఏండ్లు గడచి, తల నెరసిన పిదప, అతడు న్యాయస్థానం మెట్లెక్కి, “అయ్యా, నన్ను పర్మనెంటు చేయించండి” అని అడుగుతాడు.

న్యాయస్థానం ఒకనికి ఔనంటుంది. అతని ప్రక్కనే నిలిచి అదే పని చేసిన మరొకనికి కాదంటుంది. ఎందుచేత? ఈ పూట మీతో చెప్పదలచినది ఆ ఒక్క సంగతే. కాగితాలలో సర్వీసు క్రమబద్ధీకరణ అని వ్రాసే, నోటితో రెగ్యులర్ చేయడం అనే ఈ వ్యవహారంలో, చట్టం మొట్టమొదట అడిగే ప్రశ్న “ఎన్నాళ్ళు పనిచేశావు?” అనేది కాదు. “ఎట్లా వచ్చావు?” అని అడుగుతుంది. ఎట్లా వచ్చావన్నది మొదటి ప్రశ్న. ఎన్నాళ్ళున్నావన్నది రెండవ ప్రశ్న. ఈ వరుస గుర్తుంచుకోండి. మూడవ ప్రశ్న కూడ ఒకటి కలదు. దాన్ని చివర చెబుతాను.

మనకొక సామెత ఉన్నది గదా, వడ్డించేవాడు మనవాడైతే కడబంతిలో కూర్చున్నా ఒకటే అని. పెండ్లివారింట ఆ మాట వింటే నవ్వు వస్తుంది. కాని సర్కారు బంతిలో గరిటె పట్టుకొన్నవాడు తన చుట్టాల విస్తళ్ళు వెదకి వడ్డించడం మొదలుపెడితే, పందిరి బయట ఎండలో నిలుచున్నవాని గతి ఏమిటి? మన రాజ్యాంగ నిర్మాతలు ఈ సామెత ఎరుగనివారు కారు. అందుచేతనే, చట్టం ముందు అందరూ సమానులని 14వ అధికరణంలో చెప్పి అంతటితో ఊరుకొనక, ప్రభుత్వోద్యోగ విషయంలో పౌరులందరికీ సమానావకాశం ఉండవలెనని 16వ అధికరణంలో ప్రత్యేకించి శాసించారు. ఖాళీని పదిమందికీ తెలిసేటట్లు ప్రకటించవలెను. దరఖాస్తులు పిలవవలెను. అర్హతలు చూడవలెను. రిజర్వేషన్ల రోస్టరు పాటించవలెను. పోటీలో నెగ్గినవానిని తీసుకోవలెను. ఇదీ క్రమం.

ఊరి గ్రంథాలయంలో పోటీపరీక్షల పుస్తకాలు ముందు వేసుకొని, నోటిఫికేషన్ ఎప్పుడు పడుతుందా, అంతలో వయోపరిమితి దాటిపోతుందేమో అని వ్రేళ్ళు లెక్కపెట్టుకొనే పిల్లవానిని మీరు చూచియే ఉంటారు. క్రమబద్ధీకరణ వ్యాజ్యంలో వాదిగా అతని పేరు ఉండదు, ప్రతివాదిగానూ ఉండదు. అతని పక్షాన వకీలు లేచి నిలుచోడు. అయినప్పటికిన్ని ప్రతి వ్యాజ్యంలోను కంటికి కనబడని మూడవ కక్షిదారు అతడే. న్యాయమూర్తులు మొదటి ప్రశ్న అడిగేది ఆ పిల్లవాని తరఫుననే.

ఇక అసలు తీర్పు సంగతికి వద్దాం. కర్ణాటక రాష్ట్రంలో వాణిజ్యపన్నుల శాఖలో దినవేతనంమీద చేరి ఏండ్ల తరబడి పనిచేసిన కొందరు, తమను స్థిరపరచవలెనని కోర్టుకు వెళ్ళారు. అంతకుముందు ఇటువంటి వ్యాజ్యాలలో ఒక ధర్మాసనం జాలితో స్థిరపరచమని ఆదేశిస్తే, మరొకటి నియమం చూపి వీలుకాదని చెబుతూ వచ్చినది. ఈ చిక్కు విప్పడానికి సుప్రీంకోర్టులో ఐదుగురు న్యాయమూర్తుల రాజ్యాంగ ధర్మాసనం కూర్చొని, 2006 ఏప్రిల్ 10వ తేదీన తీర్పు చెప్పినది. జస్టిస్ పి.కె. బాలసుబ్రహ్మణ్యన్ వ్రాసిన ఆ తీర్పునే నేడు ఏ కార్యాలయంలోనైనా ఉమాదేవి తీర్పు అంటారు. చదువు వచ్చిన గుమాస్తా మొదలు చదువు రాని కాపలాదారు వరకు ఆ పేరు ఎరుగనివారు లేరు.

ఆ తీర్పు సారమేమిటో మరల పెండ్లిపందిరిలోనికే వెళ్ళి చూద్దాం. భోజనాల వేళ అయినది. బంతులు తీరినవి. అందులో ఒక పెద్దమనిషి కూర్చున్నాడు. అతడు ఆ యింటికి బంధువే. అతని కొఱకు విస్తరి వేసియే ఉన్నది. కాని శుభలేఖ ముట్టలేదు. ఎవరో నోటిమాటగా పిలిస్తే వచ్చాడు. ఇతని విషయంలో జరిగిన లోపం పిలుపులో ఉన్నది. చుట్టరికంలో లేదు, విస్తరిలో లేదు. ఇది క్రమం తప్పుట.

అదే బంతిలో మరొకడు కూర్చున్నాడు. అతడు బంధువు కాడు, అతనికి విస్తరి వేయలేదు. వడ్డనవారిలో ఒకడు దొడ్డిదారిన తీసుకొనివచ్చి, ఉన్న విస్తళ్ళను అటూ ఇటూ జరిపి, నడుమ ఇరికించాడు. ఇది చట్టం తప్పుట.

క్రమం తప్పుట వేఱు. చట్టం తప్పుట వేఱు. ఉమాదేవి తీర్పుకు గుండెకాయ ఈ భేదమే. విస్తరి అంటే ప్రభుత్వం మంజూరు చేసిన ఖాళీ పోస్టు. చుట్టరికం అంటే ఆ పోస్టుకు నియమావళిలో చెప్పిన అర్హత. ఈ రెండూ ఉండి, పిలిచే పద్ధతిలో మాత్రమే లోపం జరిగినవారు, పదియేండ్లకు తక్కువ కాకుండా పనిచేసి ఉంటే, ప్రభుత్వాలు వారి సేవలను ఒక్కసారి చర్యగా క్రమబద్ధం చేయవచ్చునని, అందుకు ఆరు నెలలలో పని మొదలుపెట్టవలెనని ధర్మాసనం చెప్పినది. పోస్టే లేనివాడు, అర్హతే లేనివాడు ఎంతకాలం కూర్చున్నా, కూర్చున్నంతమాత్రాన బంధువు కాజాలడు. క్రమబద్ధీకరణ నియామకానికి మారుపేరు కాదని సుప్రీంకోర్టు 1970ల తొలినాళ్ళలోనే చెప్పి ఉన్నది. ఉమాదేవి తీర్పు ఆ మాటను మరింత గట్టిపరచినది.

ఇంకొక షరతు కూడ ఉన్నది. దీన్ని చాలామంది గమనించరు. ఆ పదియేండ్లు కోర్టు ఉత్తర్వుల నీడన గడిపినవై ఉండరాదు. పొలం తగాదా తేలేవరకు ఎవరినీ కదల్చవద్దని పెద్దలు చెప్పినారనుకోండి. ఆ మాటను అడ్డుపెట్టుకొని పదియేండ్లు దున్నినవాడు, పదియేండ్లు దున్నినాను కనుక పొలం నాదేనంటే, ఊరు ఒప్పుతుందా? ఒప్పదు. స్టే ఉత్తర్వుమీద కొనసాగిన కాలం ఆ లెక్కలోనికి రాదు.

ఈ తీర్పులో ఉద్యోగులకు మేలు చేసిన మాటలు కూడ ఉన్నవి. ఆ శాఖలోని దినవేతన ఉద్యోగులకు తమ తరగతిలోని కనిష్ఠ వేతనానికి సమానమైన కూలి ఇవ్వవలెనన్నారు. ఆ పోస్టులకు సక్రమంగా నియామకాలు జరిపేటప్పుడు వీరినీ పోటీ చేయనిచ్చి, వయోపరిమితి సడలించి, చేసిన పనికి కొంత విలువ కట్టవలెనన్నారు. కోర్టు తలుపు మూసినదన్న మాట ఊరంతా ప్రాకినది. కిటికీ తెరచినదన్న మాట గడప దాటలేదు. తరువాత 2010లో మరొక తీర్పులో సుప్రీంకోర్టు, 2006 ఏప్రిల్ 10 నాటికి పదియేండ్లు నిండిన అర్హులందరినీ పరిశీలించేవరకు ఆ ఒక్కసారి చర్య ముగిసినట్లు కాదని విశదం చేసినది. కొందరిని చూచి, కొందరిని మరచి, గడువు దాటినదని ప్రభుత్వం చేతులు దులుపుకొనరాదన్నమాట.

మన ఇంటి సంగతి చూద్దాం. ఉమ్మడి ఆంధ్రప్రదేశంలో 1994నాటి రెండవ చట్టం అని ఒకటి వచ్చినది. ఇష్టానుసారపు నియామకాలకు అది అడ్డుకట్ట వేసినది. 1993 నవంబరు 25 దానికి గట్టు. ఆ వెనువెంటనే 1994 ఏప్రిల్ 22న ఆర్థిక శాఖ 212వ నంబరు జీ.వో. ఇచ్చినది. ఆ గట్టు నాటికి అయిదేండ్లు ఎడతెగక పనిచేసి, ఇంకా పనిలో ఉన్న, ఎన్.ఎం.ఆర్. అనే మస్టరు పట్టీమీది కూలీలను, దినవేతన ఉద్యోగులను, అర్హతలుండి ఖాళీలున్నచోట తీసుకోవచ్చునని దాని తాత్పర్యం.

ఇక్కడనే వేల వ్యాజ్యాలు పుట్టినవి. 1987లో చేరినవానికి ఆ గట్టు నాటికి అయిదేండ్లు నిండినవి. 1990లో చేరినవానికి నిండలేదు. ఇద్దరూ ఒకే గదిలో పనిచేసేవారు; ఒకే డబ్బాలోని అన్నం పంచుకొని తినేవారు. ఒకడు గట్టెక్కాడు. రెండవవాడు, “నాకూ తరువాత అయిదేండ్లు నిండినవి గదా” అని కోర్టుకు వెళ్ళాడు. 1998లో ప్రభుత్వం చట్టాన్నే సవరించి, అయిదేండ్లూ ఆ తేదీనాటికే నిండి ఉండవలెనని బిగించినది. ఆ సవరణను 2009లో సుప్రీంకోర్టు సమర్థించినది. మీరే చూడండి, ఎన్నాళ్ళు అన్న ప్రశ్న సైతం వట్టి కాలగణన కాదు. ఏ తేదీనాటికి ఎన్నాళ్ళు అన్నదే ప్రశ్న.

రాష్ట్రం రెండైన తరువాత కూడ ఈ కథ ముగియలేదు. తెలంగాణలో ఆ పాత చట్టానికే 10-ఏ అనే సెక్షనును చేర్చి, 2023 ఏప్రిల్ 30న 5,544 మంది కాంట్రాక్టు ఉద్యోగులను క్రమబద్ధీకరించారు. 2024 నవంబరులో తెలంగాణ హైకోర్టు ఆ సెక్షను చెల్లదని కొట్టివేసినది. అయితే, అప్పటికే క్రమబద్ధమైనవారిని కదల్చలేదు. ఆంధ్రప్రదేశ్‌లో 2023లో ప్రత్యేకంగా ఒక చట్టమే చేసి, 2014 జూన్ 2కు ముందు చేరిన కాంట్రాక్టు ఉద్యోగులను స్థిరపరచడానికి దారి వేశారు. మాట ఇచ్చేది ప్రభుత్వం. ఆ మాట నిలిచేదీ నిలవనిదీ తేల్చేది న్యాయస్థానం. ఈ నడుమ కాలం గడిపేది ఉద్యోగి.

ఇంతవరకు, పనికి వచ్చినవానిని అడిగే ప్రశ్నలు రెండు చెప్పుకొన్నాం. ఎట్లా వచ్చావు? ఎన్నాళ్ళున్నావు? ఇక మూడవ ప్రశ్న. ఇది ఇంటియజమానిని అడిగేది.

పందిరిలో ఇంకొకడున్నాడు. మనం అతనిని చూడనే లేదు. అతడు బంతిలో కూర్చోలేదు. ప్రతి పెండ్లికీ, ప్రతి తద్దినానికీ యజమానే కబురుపెట్టి పిలిపిస్తాడు. ఇరవై ఏండ్లుగా అతడే నీళ్ళు పోస్తున్నాడు, ఎంగిలి విస్తళ్ళు ఎత్తుతున్నాడు. పని రోజూ ఉన్నది, రేపూ ఉంటుంది. అయినా అతనికి ఒక విస్తరి వేయమంటే, “నీవు శుభలేఖ మీద రాలేదు గదా” అని యజమానే అంటాడు. శుభలేఖ వ్రాయనిదెవరు? ఆ యజమానే. తాను చేసిన లోపాన్ని తానే సాకుగా చూపడం ఏ ధర్మం?

ఇటీవలి తీర్పులలో సుప్రీంకోర్టు ఈ ప్రశ్ననే గట్టిగా అడుగుతున్నది. కేంద్ర జలసంఘం కార్యాలయంలో ఊడ్చి తుడిచే స్త్రీలు, తోటపని చేసే మనిషి, 1990ల నుండి పనిచేస్తూ వచ్చారు. స్థిరపరచమని అడిగిన వ్యాజ్యం ట్రిబ్యునలులో పోయిన కొద్ది నెలలకే, 2018లో, వారిని పనినుండి తొలగించారు. 2024 డిసెంబరు 20న సుప్రీంకోర్టు వారిని తిరిగి పనిలోనికి తీసుకొని క్రమబద్ధీకరించుమని ఆదేశించినది. దొడ్డిదారిని మూయడానికి వచ్చిన ఉమాదేవి తీర్పును, నిత్యమూ అవసరమైన పనిని ఏండ్లతరబడి చేసినవారి మీదికి కత్తిగా త్రిప్పరాదని అందులోని ధ్వని. 2025 ఆగస్టులో ఉత్తరప్రదేశ్ ఉన్నత విద్యా సేవల కమిషన్‌కు చెందిన చిన్న ఉద్యోగుల వ్యాజ్యంలో, ఖజానాలో డబ్బు చాలదన్న ఒక్క మాటతో ప్రభుత్వం బాధ్యతనుండి తప్పించుకొనరాదని చెప్పినది. అంతకుముందే, 2016 అక్టోబరులో, పంజాబు ఉద్యోగుల వ్యాజ్యంలో, సమానమైన పని చేసే తాత్కాలికోద్యోగికి వేతన శ్రేణిలోని కనిష్ఠ వేతనమైనా ఇవ్వవలెనని తీర్పు వచ్చి ఉన్నది. ఉద్యోగం స్థిరపడడం వేఱు, చేసిన పనికి తగిన జీతం వేఱు. మొదటిది రానివానికి రెండవది రాకపోవాలని లేదు.

ఇవన్నీ వినిన తరువాత, “మరి ఉమాదేవి తీర్పు పోయినట్లేనా?” అని మీరడగవచ్చును. పోలేదు. దొడ్డిదారిన వచ్చినవానికి నేటికీ చోటు లేదు. ఐతే ముంగిట నిలబడి యజమాని పిలుపుమీదనే ఇరవై ఏండ్లు చాకిరీ చేసినవానిని దొడ్డిదారివానితో జమకట్టరాదు. ఎట్లా వచ్చావు? ఎన్నాళ్ళున్నావు? యజమానీ, ఎందుకు ఇన్నాళ్ళు ఇట్లా ఉంచావు? ఈ మూడు ప్రశ్నలే వ్యాజ్యాన్ని తేలుస్తవి.

ఈ మూడింటికీ జవాబు చెప్పేది నోరు కాదు, కాగితం. రైతు సోదరులకు ఇది వేఱే చెప్పనక్కరలేదు. పొలం దున్నేదెవరో ఊరందరికీ తెలుసు. అయినా కచేరీకి వెళితే అడంగల్‌లో అనుభవదారు గడిలో పేరెవరిదని అడుగుతారు. తెలంగాణలోనైతే పహాణీ తెమ్మంటారు. తాత్కాలికోద్యోగికి మస్టరే అడంగల్. మొట్టమొదట పనిలోనికి పిలిచిన కాగితం, అది ఒక చీటీముక్క ఐనా సరే, పారవేయకండి. ఉపాధి కార్యాలయంనుండి వచ్చిన కార్డు ఉంటే దాచండి. జీతం పడిన బ్యాంకు పాసుపుస్తకం, భవిష్యనిధి కోసిన లెక్క, గుర్తింపు కార్డు, అధికారి సంతకంతో ఎక్కడికో పంపిన ఉత్తర్వు, ఇవన్నీ ఒక్కచోట, ఇంట్లో భూమి పత్రాలు దాచే పెట్టెలోనే దాచండి. మీ వద్ద లేని మస్టరు నకళ్ళ కొఱకు 2005నాటి సమాచార హక్కు చట్టం క్రింద దరఖాస్తు పెట్టండి; ముప్పై దినాలలో జవాబు ఇవ్వవలెనని ఆ చట్టం చెబుతున్నది. మీరు చేస్తున్న పని మంజూరైన పోస్టుకు చెందినదా కాదా అన్నది కూడ అదే దరఖాస్తులో అడగండి. ఔట్‌సోర్సింగ్ ఏజెన్సీ ద్వారా చేరినవారు మరింత జాగ్రత్తగా ఉండవలెను. వారికి యజమాని ఎవరన్నదే మొదటి తగాదా అవుతుంది. జీ.వో. తెప్పిస్తామని డబ్బు అడిగేవారిని గడప ఎక్కనివ్వకండి. డబ్బిచ్చి కొన్న ఉత్తర్వు కోర్టులో మొదటి ప్రశ్నకే ఓడిపోతుంది.

అధికారులకు ఒక్క మాట విన్నవిస్తాను. పోస్టు ఖాళీ ఐన నాడే ఖాళీ అని చెప్పండి. ప్రకటించండి, పరీక్ష పెట్టండి, తీసుకోండి. ఎండలో నిలిచిన పిల్లవానికీ, నీళ్ళు పోసే మనిషికీ ఒక్కసారే న్యాయం చేసే దారి అది ఒక్కటే. నిత్యం ఉండే పనికి తాత్కాలికమని పేరు పెట్టి, తొంభైయవ దినాన ఎఱ్ఱగీత గీసినప్పుడల్లా, ఇరవై ఏండ్ల తరువాత రాబోయే ఒక వ్యాజ్యానికి మీరే మొదటి పుట వ్రాస్తున్నారు.

మస్టరులో పేరున్న శ్రోతలు ఈ రాత్రి భోజనమైన తరువాత పెట్టె తీసి, మీ మొదటి కాగితం ఉన్నదో లేదో చూచుకోండి. లేకపోతే రేపే నకలుకు దరఖాస్తు పెట్టండి.